కల్లోలం చూసిన ఊరు పైసను ఎట్లా లెక్కపెడుతుంది

ఉత్తర తెలంగాణ పల్లెల్లో వ్యవసాయ అధికారులకూ బ్యాంకు మేనేజర్లకూ అంతుపట్టని సంగతి ఒకటుంది. ఆయిల్‌పామ్ పెట్టుకో, మొక్కలకు రాయితీ ఉంది, డ్రిప్పుకు రాయితీ ఉంది అని చెబితే ‘నాలుగేళ్లు ఎవరు ఆగుతారు సారూ’ అని వెనక్కి జరిగే రైతే, ఆ ఏడాదిలోనే నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి కొడుకును గల్ఫుకు పంపుతాడు. మొదటిది చూసినవాళ్లు ఈయనకు తెగువ లేదంటారు. రెండోది చూసినవాళ్లు ఈయనకు లెక్క తెలియదంటారు. రెండు మాటలూ సరైనవి కావు. ఈ రెండు నిర్ణయాల వెనకా ఉన్నది ఒకే లెక్క. అది 1978 నుంచి 2005 దాకా ఈ నేల మీద నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య నడిచిన హింసలో కుదురుకున్న లెక్క.

కాలక్రమం క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1978 సెప్టెంబరులో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర. ఆ వెంటనే అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ ఏర్పడింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనుల మీద పోలీసు కాల్పులు, 1992లో పార్టీ మీద నిషేధం, 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలు, 2005 ఆగస్టులో మళ్లీ నిషేధం. ఈ పాతికేళ్లూ ఉమ్మడి కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలు రాత్రి అన్నలకూ (నక్సలైట్లకూ) పగలు పోలీసులకూ జవాబు చెప్పుకుంటూ బతికాయి. దీనికి అడుగున ఇంకో పొర ఉంది. 1946–51 సాయుధ పోరాటంలో పేదలకు పంచిన భూముల్లో చాలావరకు 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత దొరల చేతికే తిరిగి పోయాయి. చేతికొచ్చిన భూమి కూడా నిలుస్తుందన్న నమ్మకం లేదని తాతల తరమే చూసింది.

మనిషికి డబ్బు మీద అభిప్రాయాలు ఏ వయసులో గట్టిపడతాయన్న దాని మీద ఆర్థికవేత్తలు జులియానో, స్పిలింబెర్గో అమెరికా సమాచారంతో ఒక పని చేశారు. 18 నుంచి 25 ఏళ్ల మధ్య మాంద్యాన్ని చూసినవాళ్లు, బతుకు బాగుపడటంలో కష్టం కంటే అదృష్టం పాలే ఎక్కువని నమ్ముతారనీ, ఆ నమ్మకం తర్వాత కూడా వెంట వస్తుందనీ తేల్చారు. ఆ కొలతను ఇక్కడికి తెచ్చుకుందాం. 1985–2005 మధ్య ఆ వయసులో ఉన్నవాళ్లంటే 1960 నుంచి 1987 దాకా పుట్టినవాళ్లు. ఇవాళ ఊళ్లో పట్టా ఎవరి పేరున ఉందో, అప్పు కాగితం మీద ఎవరు సంతకం పెడుతున్నారో, బిడ్డ పెళ్లి ఖర్చు ఎవరు నిర్ణయిస్తున్నారో చూస్తే ఎక్కువమంది ఈ తరంవాళ్లే. కాల్పుల మోత ఆగి చాలా ఏళ్లయినా ఇంటి యజమాని మనసులో ఆ ఏళ్లు ఇంకా పాతబడలేదు.

హింస చూసినవాళ్లు భయస్తులవుతారా, తెగించినవాళ్లవుతారా? మిగతా దేశాల పరిశోధనలు చూస్తే మొదట అయోమయమే మిగులుతుంది. బురుండిలో మార్టెన్ వూర్స్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, హింస ఎక్కువ చూసిన ఊళ్లవాళ్లు ఇరుగుపొరుగుకు ఎక్కువ పంచారు, పరిశోధకులు పెట్టిన డబ్బు ఆటల్లో ఎక్కువ తెగించారు, రేపటి పెద్ద మొత్తం కంటే ఇవాళ్టి చిన్న మొత్తానికే చెయ్యి చాచారు. కెన్యాలో 2007–08 ఎన్నికల తర్వాతి హింసను పరిశీలించిన జాకియేలా, ఓజియర్లకు దీనికి తిరగబడ్డ ఫలితం వచ్చింది, అక్కడ తెగువ తగ్గింది. కొలంబియాలో ఊళ్లొదిలి వచ్చినవాళ్లను పరిశీలించిన ఆండ్రెస్ మోయా కూడా, తీవ్ర హింసకు గురైనవాళ్లు నష్టం రావచ్చనిపించే పనులకు మరీ దూరంగా జరుగుతారని చూపించారు. అఫ్ఘానిస్థాన్‌లో మైకేల్ కాలెన్ బృందం 2014లో చెప్పిన విషయం వీటన్నిటికంటే సూక్ష్మమైనది. అక్కడ హింస చూసినవాళ్లు, ముఖ్యంగా ఆటకు ముందు ఒక భయానక సంఘటనను గుర్తుచేసుకున్నవాళ్లు, నికరంగా చేతికొచ్చేదాన్ని అమితంగా ఇష్టపడ్డారు. వాళ్లకు కావలసింది ప్రమాదం తగ్గడం కాదు, ఎంతో కొంత మొత్తం ఖాయం కావడం.

ఈ ఫలితాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి కానీ, ‘ఖాయం’ అనేది ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే చిక్కుముడి విడుతుంది. ఇంటి దగ్గర ఏదో ఒకటి ఖాయంగా ఉన్నవాడు దాన్ని పట్టుకుని కూర్చుంటాడు. ఇంటి దగ్గర ఏదీ ఖాయం కానప్పుడు బయట చేసే సాహసం అదనపు సాహసం కాదు. 1990లలో కరీంనగర్ పల్లె యువకుడికి ఊళ్లో ఉండటమే ఒక ప్రమాదం. అన్నం పెట్టినందుకు ఒకరు, పెట్టనందుకు ఇంకొకరు నిలదీసే రోజులవి. దుబాయి, ముంబయి, భివండి, సూరత్ కూలి కోసమే కాదు, ప్రాణానికి ఎడం కోసం కూడా ఎంచుకున్న దారులు. కరువు, చేనేత పతనం, బంధువుల పిలుపు కూడా ఆ వలసకు కారణాలే. హింస వాటికి తోడైంది. లక్ష అప్పుకు నెలకు మూడు వేల మిత్తి, ఏడాదికి 36 వేలు. కాగితం మీద ఇది తలకు మించిన భారం. అయితే గల్ఫు జీతం నెలనెలా వస్తుంది, దాన్ని ఊళ్లో ఎవరూ జప్తు చెయ్యలేరు, దాని మీద ఎర్రజెండా పాతలేరు.

నాలుగేళ్లు ఆగలేకపోవడాన్నీ ఇదే కొలతతో చూడాలి. ఒక రైతు, తన భూమి ఏదో ఒక తగాదాలో ఏటా నూటికి పది పాళ్లు చెయ్యిజారవచ్చని లోపల అనుకుంటున్నాడనుకుందాం. ఐదేళ్ల తర్వాత అది ఇంకా తన చేతిలోనే ఉండే అవకాశం 59 శాతం, ఏడేళ్లకు 48 శాతం. ఆరు నెలల్లో చేతికొచ్చే పత్తికైతే దాదాపు 95 శాతం. మామిడి ఐదేళ్లకు కాపుకొచ్చి ఎకరానికి ఎంత మిగిల్చినా, ఈయన లెక్కలో ఆ రాబడిలో నూటికి నలభై పాళ్లు ముందే పోయాయి. బయటి మనిషి దీన్ని ఓపిక లేకపోవడం అంటాడు. రైతు చేస్తున్నది మాత్రం సరైన గుణకారమే, అందులో తప్పంటూ ఉంటే ఆ పది శాతం ఇవాళ్టి వాస్తవానికి సరిపోతుందా అన్నదే. 1990లో అది సరిపోయి ఉండవచ్చు, ఇప్పుడు కాకపోవచ్చు. అంకె మారిందని మాటతో నమ్మించలేం, ఆ అంకె పుట్టిన చోటును మార్చాలి.

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. పంజాబ్ ఉగ్రవాద కాలంలో రైతులు దీర్ఘకాలిక పెట్టుబడులు తగ్గించుకున్నారని ప్రకర్ష్ సింగ్ 2013లో చూపించారు. కొలంబియాలో సాయుధ దళాలు ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన చోట రైతులు బహువార్షిక తోటలను వదిలి, ఒక్క సీజన్‌లో తేలిపోయే పంటలకూ పశువుల మేతకూ మళ్లారు. ఉత్తర ఉగాండా మీద మార్క్ రాక్‌మోర్ చేసిన పని నుంచి తెలిసేది ఇంకా ముఖ్యమైనది: దాడి జరగని ఇళ్లు కూడా, దాడి జరగవచ్చన్న భయంతోనే సేద్యం తీరు మార్చుకుని నష్టపోతాయి. ఎంతమంది చనిపోయారన్న లెక్కతో ఆర్థిక నష్టాన్ని కొలిచేవాళ్లు ఈ భాగాన్ని పూర్తిగా వదిలేస్తున్నారు.

కల్లోల కాలంలో ఇక్కడ ఆస్తిని ఎంచుకోవడానికి మూడు ప్రశ్నలుండేవి. పదిమందికి కనిపిస్తుందా? ఎత్తుకుని పోగలమా? ఒక్కరోజులో అమ్మగలమా? డాబా ఇల్లు మొదటి పరీక్షలోనే తప్పింది, ఇల్లు కట్టినవాడి దగ్గరికి అన్నల నుంచి చందా కబురు వస్తుంది, పోలీసుల దృష్టీ పడుతుంది. ట్రాక్టరు మూడింటిలో రెండు తప్పింది. బోరు కనిపించదు కానీ ఎత్తుకుపోలేం. మేకలు మూడూ నెగ్గాయి, ఏడాదిలో అమ్మకానికొస్తాయి, అవసరమైతే రాత్రికి రాత్రి పక్క ఊరికి తోలుకుపోవచ్చు. బంగారం, వెండి సరేసరి. (బంగారం కొనడమంతా భయమే అనుకోకూడదు, కట్నాల లెక్క దానికి విడిగా ఉంది.) అన్నిటికంటే మేలైన ఆస్తి హనుమకొండలోనో హైదరాబాదులోనో ఇంటి జాగా. కలిగినవాళ్లు ఊరి మిగులును అటు తరలించారు. దొరల గడీలు పాడుబడటం అందరికీ కనిపించింది. ఆ గడీల వెనక నడిచిన సేద్యపు పెట్టుబడి, మంచిదో చెడ్డదో, ఊరు దాటిపోవడం అంతగా కనిపించలేదు.

ఒకప్పుడు కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన జగిత్యాలలో ఇవాళ చల్‌గల్ మామిడి మార్కెట్ నడుస్తోంది, ఉత్తరాది వ్యాపారులు వచ్చి కొంటున్నారు. మామిడి తోట పెట్టినవాడు ఐదారేళ్ల తర్వాత కూడా ఆ భూమి తనదేనని నమ్మినట్టే. శాంతి ఒక్కటే దీనికి కారణమనడం అతిశయం. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు, కరెంటు, గల్ఫు పైసలు, కూలీల కొరత అన్నీ కలిశాయి. కానీ ఈ నాలుగూ ఉండి నమ్మకం లేకపోతే ఎవరూ చెట్టు పెట్టరు.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. హింస మిగిల్చినదంతా జనం మనసుల్లోనే ఉందనుకోవడం పెద్ద పొరపాటు. సగానికి సగం అది కాగితాల్లో ఉంది. ఈ జిల్లాల్లో ఆ కాగితం పేరు సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని భూమి అమ్మకపు పత్రం.

దొర ఊరొదిలి పోయేటప్పుడు భూమిని కౌలుదారుకో జీతగాడికో పక్క పొలంవాడికో దొరికిన ధరకు అమ్మాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎవరూ పోలేదు, పోతే ఎవరు కొన్నారో ఎంతకు కొన్నారో అందరికీ తెలుస్తుంది. భూపరిమితి చట్టం భయం, స్టాంపు ఖర్చు, చదువు లేకపోవడం, మాట మీద నమ్మకం కూడా ఉన్నాయి. తెల్లకాగితం మీదో పది రూపాయల స్టాంపు మీదో నాలుగు వాక్యాలు, ఇద్దరు సాక్షులు, ఒక వేలిముద్ర. కొన్నవాడు ఆ రోజు నుంచి దున్నుతున్నాడు. ఏటా సాగు వివరాలు రాసే పహాణీలో పట్టాదారు గడిలో దొర పేరే నడిచింది. ఇంకొన్ని చోట్ల అంతకూ నోచుకోలేదు. రైతుకూలీ సంఘం జెండా పాతింది, దొర సాగు చెయ్యలేడు, పోలీసులు పేదలను దిగనివ్వరు, భూమి ఏళ్ల తరబడి పడావు పడింది. ఒక ఎకరం పడావు పడితే పోయేది ఒక ఏటి పంట కాదు. కట్ట తెగుతుంది, తుమ్మ మొలుస్తుంది, బావి పూడుతుంది. మళ్లీ సాగులోకి తేవడానికి చేతిలో లేని పెట్టుబడి కావాలి.

సాదాబైనామాను క్రమబద్ధం చేసే దారి 1971 నాటి హక్కుల రికార్డు చట్టంలో సెక్షన్ 5-ఎ కింద ఉండేది: ఫారం-10లో తహసీల్దారుకు దరఖాస్తు, అమ్మినవాళ్లకూ హద్దుదారులకూ నోటీసులు, విచారణ, చివరికి 13-బి సర్టిఫికెట్. 2016లో రాష్ట్ర ప్రభుత్వం, 2014 జూన్ 2కు ముందు కొన్న గ్రామీణ భూముల్లో 5 ఎకరాల దాకా స్టాంపు డ్యూటీ లేకుండా అవకాశం ఇచ్చింది. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు, దాదాపు 9 లక్షలు వచ్చాయి. ఆ గడువు నడుస్తుండగానే పాత చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది, అందులో సాదాబైనామాకు చోటు లేదు. వ్యవహారం హైకోర్టుకు ఎక్కి దరఖాస్తులు ఆగిపోయాయి. 2025లో వచ్చిన భూభారతి చట్టం చిన్న, సన్నకారు రైతులకు, 12 ఏళ్లుగా సాగులో ఉన్నట్టు తేలితే, మళ్లీ దారి తెరిచింది. ఆ ఆగస్టులో కోర్టు అడ్డు కూడా తొలగింది.

కాగితం లేకపోతే ఎంత పోతుందో లెక్క కట్టవచ్చు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరానికి 4,000, మరుసటి ఏడు నుంచి 5,000. మూడెకరాల సాదాబైనామా రైతుకు మొదటి ఏడు 24,000, తర్వాత ఏటా 30,000 రాలేదు. పట్టా పాసుపుస్తకం లేనివాడికి బ్యాంకు పంట రుణం లేదు, కాబట్టి నూటికి రెండో మూడో మిత్తి. రైతుబీమా లేదు, కాబట్టి ఇంటి పెద్ద కన్నుమూస్తే వారసులకు రావలసిన 5 లక్షలు లేవు. చాలాచోట్ల పట్టాదారుగా మిగిలిపోయిన పాత యజమాని వారసుల ఖాతాలోకే ఆ పెట్టుబడి సాయం పోయింది. ముప్పై ఏళ్ల కింద ఒక రాత్రి భయపడి రిజిస్ట్రేషన్ చెయ్యని లావాదేవీ 2018లో ఎవరి ఖాతాలో పైసలు పడాలో తేల్చింది. ఇంత అన్యాయం కళ్ల ముందు జరుగుతుంటే, ఆ రైతును ‘ప్రభుత్వ పథకాల మీద నమ్మకం పెంచుకో’ అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

ఇప్పుడు విచారణకు వచ్చిన దరఖాస్తులు ఎక్కడ దెబ్బతింటాయో ముందే తెలుసుకోవడం అవసరం. సాక్షులు చనిపోయారు. అమ్మినవాళ్ల వారసులు పట్టణాల్లో ఉన్నారు, నోటీసు అందుకుంటారు, అప్పట్లో వేలల్లో అమ్మిన ఎకరం ఇప్పుడు లక్షలు పలుకుతోందని చూసి అభ్యంతరం చెబుతారు. కాగితంలో రాసిన సర్వే నంబరుకూ దున్నుతున్న నంబరుకూ పొంతన ఉండదు. అలాంటప్పుడు రైతుకు అండగా నిలిచేవి పాత పహాణీల్లో అనుభవదారు గడి, భూమి శిస్తు రసీదులు, ఆ నేలలోని బోరుకు తన పేరున ఉన్న కరెంటు సర్వీసు నంబరు, సహకార సంఘంలో ఎరువులు తెచ్చుకున్న రసీదులు. వీటిలో పహాణీ నకలే బలమైనది. 1990ల నుంచి ప్రతి మూడు నాలుగేళ్లకు ఒకటి చొప్పున తీసి పెట్టుకుంటే సాగు వరుస తెగకుండా కనిపిస్తుంది. ఒక్క ఏడాది నకలుతో పోయినవాడికి మధ్యలో భూమి వదిలేశావన్న ప్రశ్న ఎదురవుతుంది.

అప్పుల సంగతి కూడా ఇలాగే ముడిపడింది. ఊరి షావుకారు మిత్తిని సంఘాలు తగ్గించాయి, కొన్ని చోట్ల వ్యాపారమే మాన్పించాయి. అది న్యాయమే. అయితే ఆ ఖాళీలోకి బ్యాంకు రాలేదు. పట్టణంలోని ఎరువుల దుకాణదారు, వరంగల్ ఏనుమాముల మార్కెట్ అడ్తిదారు వచ్చారు. విత్తనం, మందు, ఎరువు అప్పు మీద ఇస్తారు, పంట తమ దగ్గరికే తేవాలంటారు. పట్టా అడగరు, కానీ ఆరు నెలల్లో మార్కెట్‌కు వచ్చి తీరే పంటకే ఇస్తారు. అలా పట్టా లేని రైతుకు పత్తి తప్ప దారి లేకుండా పోయింది. 1997–98లో పురుగు విజృంభించి పత్తి పోయినప్పుడు వరంగల్ జిల్లా చూసిన ఆత్మహత్యల వెనక విత్తనమూ మందులూ మార్కెట్ ధరలతో పాటు ఈ అప్పు తీరు కూడా ఉంది.

ఇంత చెప్పి, ఉద్యమం ఇచ్చినదాన్ని చెప్పకపోతే విశ్లేషణ ఒంటికంటిది అవుతుంది. వెట్టి పోయింది. కూలి రేట్లు పెరిగాయి. ఏప్రిల్, మే నెలల్లో అడవి పల్లెలకు దొరికే తునికాకు పైసలు వానాకాలం విత్తనానికి ఆసరా. యాభై ఆకుల కట్టకు కల్లం దగ్గర ఇచ్చే రేటు బేరం మీద పెరుగుతుందని ఆ కూలీలు కళ్లారా చూశారు. సియెర్రా లియోన్‌లో హింసకు నేరుగా గురైన కుటుంబాలు ఊరి సమావేశాలకు ఎక్కువగా వెళ్తున్నాయనీ, ఉత్తర ఉగాండాలో బలవంతంగా ఎత్తుకుపోబడి తిరిగొచ్చిన యువకులు ఎక్కువగా ఓటేస్తున్నారనీ పరిశోధనలున్నాయి. ఇలాంటి అధ్యయనాలను కలిపి చూసిన బావర్, బ్లాట్‌మన్ ప్రభృతులు 2016లో ఒక హెచ్చరిక కూడా చేశారు: పెరిగే సహకారం ఎక్కువగా మనవాళ్ల మధ్యనే కావచ్చు. పదిపదిహేను మంది మహిళల పొదుపు సంఘాలు ఇక్కడ నిలదొక్కుకోవడం, చిట్టీలు వరంగల్, కరీంనగర్ల బతుకులో ఇంతగా పాతుకుపోవడం ఈ కోణంలో చూడదగ్గవి. చిట్టీలో ఎవరు పాట పాడతారో, ఎవరు ఎగ్గొడతారో ముఖం చూసి చెప్పవచ్చు. బీమా కంపెనీ ముఖం ఎవరూ చూడలేదు. చిక్కేమిటంటే కరువు వచ్చినా తెగులు వచ్చినా మనవాళ్లందరికీ ఒకేసారి వస్తుంది, అప్పుడు ఒకరినొకరు ఆదుకునే శక్తి ఎవరికీ ఉండదు.

ఇదంతా గతం అనుకునేవాళ్లు ములుగు, భూపాలపల్లి అడవుల్లోని గుత్తికోయ గూడేలను చూడాలి. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక గోదావరి దాటి వచ్చిన కుటుంబాలవి. అటవీ హక్కుల చట్టం కింద హక్కు రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల చేతిలో ఉండాలి, ఎక్కువమంది ఆ తర్వాత వచ్చినవాళ్లే. తెలంగాణ షెడ్యూల్డు తెగల జాబితా ప్రయోజనాలూ వీళ్లకు అందవు. 2023లో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చినప్పుడు వీళ్లు బయటే ఉండిపోయారు. గుడిసె ఎప్పుడైనా తీసేస్తారు కాబట్టి కర్రలూ గడ్డితోనే కడతారు. ఆస్తి అంటే కోళ్లు, పందులు, రెండు మూడు వంట గిన్నెలు. ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం చేలల్లో మిర్చి ఏరడానికి పోతే రోజు కూలి రోజుకు చేతిలో పడాలి, వారం ఆగితే కుదరదు. పైన చెప్పుకున్న మూడు ప్రశ్నల లెక్క ఇక్కడ ఇవాళ కూడా అక్షరాలా నడుస్తోంది. వీళ్ల పిల్లలు 18–25 ఏళ్ల వయసులోకి ఇప్పుడే వస్తున్నారు.

ఇలాంటి ఊళ్లలో ఆర్థిక ఆలోచనను కొలవాలనుకునే విద్యార్థులు, సంస్థలు చేసే తప్పులు దాదాపు అందరివీ ఒక్కటే. మొదటిది, ఇప్పుడున్న రేషన్ కార్డుల జాబితా నుంచే ఇళ్లను ఎంచుకోవడం. హింసకు తట్టుకోలేక పోయినవాళ్లు అందులో ఉండరు. 1990ల ఓటరు జాబితా దగ్గర పెట్టుకుని, లేనివాళ్లు ఎటు పోయారో ఊళ్లో అడిగి, కొందరినైనా పట్టణాల్లో కలవాలి. రెండోది, హింస యాదృచ్ఛికంగా పడలేదు. అడవి, వెట్టి, పెద్ద కమతాలు ఉన్నచోట ఎక్కువగా పడింది. కాబట్టి మైదానపు ఊరిని అడవి ఊరితో పోల్చి తేడా అంతా హింసదే అనకూడదు. నేల, నీరు, కమతాల తీరు ఒకటే అయిన పక్కపక్క ఊళ్లను తీసుకోవాలి. మూడోది, జీపులో దిగడం, చీకటి పడ్డాక తలుపు తట్టడం. ఈ ఊళ్లలో రాత్రి వచ్చే అపరిచితుడికి పాత అర్థాలున్నాయి. బస్సులో పోయి, పొద్దున్నే పనికి పోకముందు, ఇంటి అరుగు మీద మాట్లాడాలి, పంచాయతీ ఆఫీసులో కాదు.

ఆట ఇలా పెట్టవచ్చు. ఒక సంచిలో ఐదు ఎర్ర పూసలు, ఐదు నల్ల పూసలు. ఎర్రది వస్తే 200 రూపాయలు, నల్లది వస్తే ఏమీ లేదు. ఇంకోపక్క ఖాయమైన మొత్తం 40 నుంచి మొదలుపెట్టి పదేసి పెంచుకుంటూ 120 దాకా. ఏ మెట్టు దగ్గర మనిషి సంచిని వదిలి ఖాయానికి మారతాడో రాసుకోవాలి. సంచి సగటు విలువ 100, 60 దగ్గరే మారినవాడు నష్టభయం ఉన్నవాడు. ఇంతటితో ఆగితే అఫ్ఘానిస్థాన్ పాఠం వృథా. రెండో విడతలో ఖాయం అన్నదే తీసెయ్యాలి. దాని చోట ఇంకో సంచి, అందులో తొమ్మిది పూసలకు మంచి మొత్తం, ఒకదానికి తక్కువ మొత్తం. సాధారణ భయస్తుడు ఈ విడతలోనూ భయస్తుడిలాగే ఆడతాడు. ఖాయం మీద మక్కువ ఉన్నవాడు మొదటి విడతలో ఒదిగి, రెండో విడతలో తెగిస్తాడు. రెండు రకాల మనుషులకు రెండు రకాల పథకాలు కావాలి కాబట్టి ఈ తేడా తెలిసి తీరాలి.

శాతాల్లో మాట్లాడకూడదు, పూసలు చూపించాలి. డబ్బులు తీసుకోకుండా రెండు సార్లు ఆడించి చూశాకే అసలు ఆట. బహుమతి ఒక రోజు కూలికి అటూఇటూ ఉండాలి, పక్కవాళ్లు చూడకుండా చేతిలో పెట్టాలి. ఇది జూదమని తప్పుకునేవాళ్లుంటారు, వాళ్లను భయస్తుల లెక్కలో కలిపితే ఫలితం పాడవుతుంది, విడిగా రాసుకోవాలి. హింస గురించిన ప్రశ్నలు ఆట అయ్యాకే అడగాలి. ముందడిగితే జ్ఞాపకమే జవాబును మార్చేస్తుంది. ఎవరు ఎవరిని చంపారన్న పేర్లు పుస్తకంలోకి ఎక్కకూడదు. మనిషి గొంతు మారితే ప్రశ్నలు ఆపి కూర్చోవాలి, ఆ రోజుకు ఆ ఇంటి లెక్క పూర్తి కాకపోయినా ఫర్వాలేదు.

ఆయిల్‌పామ్ రైతు దగ్గరికి తిరిగి వెళ్లేటప్పుడు ఈ కొలతలన్నీ పనికొస్తాయి. ఎకరానికి 57 మొక్కలు, తొమ్మిది మీటర్ల ఎడం, కాపుకు దాదాపు నాలుగేళ్లు, తర్వాత పాతికేళ్లకు పైగా దిగుబడి. నాలుగేళ్ల పాటు ఏటా ఎకరానికి 4,200 రూపాయల చొప్పున సాయం ఉంది. ఆయనకు పాతికేళ్ల లాభాల పట్టిక కంటే ఈ 4,200 ముఖ్యం, అది కూడా ఏ నెలలో పడుతుందో ముందే తెలిసి, ఆ నెలలో పడితేనే. ఒక్క ఏడు ఆలస్యమైతే ఖాయం కాస్తా మళ్లీ అనుమానం అవుతుంది. వరుసల మధ్య అంతరపంటగా ఏది వెయ్యాలో, దాన్ని ఎవరు కొంటారో మొక్క నాటకముందే తేలాలి. ఎందుకంటే మొదటి ఆరు నెలల్లో చేతికొచ్చే రాబడే మిగతా మూడున్నరేళ్ల ఓపికను కొనిపెడుతుంది. ఎకరమంతా ఒకేసారి అడగకుండా అర ఎకరంతో మొదలుపెట్టనివ్వాలి. వీటన్నిటికంటే ముందు ఆ సర్వే నంబరుకు పాసుపుస్తకం ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆయన్ను మొక్కల నర్సరీకి కాదు, ఆర్డీవో ఆఫీసులో ఆగిపోయిన దరఖాస్తు దగ్గరికి వెంటబెట్టుకుని పోవాలి.